పదవీ విరమణ తరువాత గిడుగు వారు



1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన లక్ష్మీపూర్, రాయగడ ప్రాంతాలు విశాఖపట్టణం జిల్లా నుండి విడివడి అందులో చేరాయి. పర్లాకిమిడి పట్టణమూ ఆనాడే చేరింది. ఆ ఊరి బడిలో 1880లో 30 రూపాయల జీతంపై చేరి, 1911లో పదవీ విరమణ చేసినవారు గిడుగు వేంకట రామమూర్తి గారు. వ్యావహారిక భాష కోసం వారు సాగించిన పోరాటం మీరెరిగినదే. ఏటా ఆగస్టు 29న స్మరించుకుంటూనే ఉన్నాము.

మనం తక్కువగా తలచుకునేది మరొకటి ఉంది. ఉద్యోగంలో ఉండగానే వారు సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడి నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారట! ఒడియా బడులలో మన పిల్లలకు తెలుగు కావాలని అడుగుతున్న మనం, అదే బల్లపై కూర్చున్న కోంధు పిల్లల కువి భాష గురించి ఎన్నిసార్లు అడిగాము? బడినాటి మిత్రులు కలిసినప్పుడు ఈ ప్రశ్న వేసి చూడండి.

పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడం సహించలేక, డెబ్బై మూడవ యేట గిడుగు వారు రాజమహేంద్రవరం తరలిపోయారు. సవర పని మాత్రం మానలేదు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. 1940 జనవరి 22న కన్నుమూశారు.