బడిబంతిలో వడ్డించువారు

వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను కొదువ లేదని మనవారి సామెత. పెండ్లిపందిళ్లలో దీనిని నవ్వుచు చెప్పుకొందుము గాని, ఆలోచించినచో ఇందు నవ్వదగినది లేదు. మనవాడు కానివాడు గరిటె పట్టినపుడు కడబంతివానికి ఏమి మిగులునో సామెత చెప్పకయే చెప్పుచున్నది. నేడు ఆంధ్రదేశమున సర్కారు బడులన్నిటను మధ్యాహ్నము బంతులు సాగుచున్నవి. ఆ బంతులలో వడ్డించువారెవరు, వారికి మనము నేర్పినదేమి అను ప్రశ్నను చదువరుల ముందుంచ దలచితిమి.

ఈ భోజనపు చరిత్రలో తొలిపేరు తెలుగువానిదే. 1920లో చెన్నపట్టణపు నగరసభాధ్యక్షులైన పిట్టి త్యాగరాయ సెట్టిగారు, థౌజండు లైట్సు పేటలోని నగరసభ పాఠశాలలో బిడ్డలకు మధ్యాహ్నమున ఫలాహారము పెట్టుటకు తీర్మానము చేయించిరి. తలకు దినమునకు ఒక అణా మించరాదని నియమము. బడికి వచ్చువారి సంఖ్య పెరిగెను. అయినను, ప్రాథమిక విద్యకై యుంచిన సొమ్మును తిండికి వెచ్చింపరాదని ప్రభుత్వము అడ్డుపెట్టుటచే 1925లో అది నిలిచిపోయెను. ఆకలి విద్యాశాఖ క్రిందికి రాదని నాటి లెక్కలవారి మతము. ఆ మతము ఇప్పటికిని పూర్తిగా చావలేదు.

1956లో కామరాజుగారు చెన్నరాష్ట్రమున బడిభోజనమును తిరిగి నిలిపినారు. అప్పటికి మనము వేరైతిమి. అటుపై మన పెద్దలు జ్ఞాపకము చేసికొనునది 1960 ప్రాంతముల విదేశదానముగా వచ్చిన పాలపొడియు, ఉప్మాయు. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము దేశమంతటికి ఒక పథకము ప్రారంభించినను, పెక్కు రాష్ట్రములలో బిడ్డకు దొరకినది నెలకు మూడు కిలోల బియ్యము మాత్రమే. ఆ బియ్యము ఇంటికి పోయి ఇంటిల్లిపాదికి ఉడికెను. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానము, ఇయ్యవలసినది బియ్యము కాదు, వండిన అన్నమని శాసించెను. 2003 జనవరిలో మన రాష్ట్రమున పొయ్యి వెలిగెను.

పొయ్యితోపాటు బడిలోనికి ఒక క్రొత్త వ్యక్తి వచ్చినది. డ్వాక్రా సంఘపు స్త్రీ. అంతకుముందు బడియనగా ఉపాధ్యాయుడు, బిడ్డ. ఇప్పుడు మూడవ మనిషి. 2004 ఏప్రిలులో న్యాయస్థానము ఈ పనికి దళిత స్త్రీలకు ముందుచోటు ఇయ్యవలెనని ఆదేశించెను. పాయసము కంటె పంక్తిని పవిత్రముగా నెంచిన మన సంఘమున, దళిత స్త్రీ వండిన అన్నమును అన్ని కులముల బిడ్డలు ఒక వరుసను కూర్చుండి తినుట సామాన్యమైన మార్పు కాదు. ఎన్ని ఉపన్యాసములు చేయలేని పనిని ఆమె గరిటె చేసినది. కొన్నిచోట్ల తల్లిదండ్రులు బిడ్డలను మాన్పించిరనుటయు నిజమే. అట్టి దినమున ఆమె ఎట్లు నిలువవలెనో, ఎవరికి చెప్పుకొనవలెనో ఆమెకు నేర్పినవారు అరుదు.

లెక్కలు మాత్రము పెరిగినవి. చిన్నతరగతుల బిడ్డకు 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. పై తరగతులవారికి 700, 20. ఇరువదియైదుగురి వరకు ఒక వంటమనిషి, నూరుగురి వరకు ఇద్దరు. ఆ మనిషికి 2009లో నెలకు వేయిరూపాయలు; మన రాష్ట్రమున 2019లో మూడువేలు. 2020 జనవరి 21న భోజనపట్టిక మారి గ్రుడ్డు, చిక్కీ, పులిహోర, చక్కెరపొంగలి వచ్చెను. 2023 మార్చిలో రాగిజావ చేరెను. నాడు దానికి గోరుముద్ద యని పేరు. 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఒకటి తల్లి చేతిని, రెండవది లంకల గన్నవరమున వేళగాని వేళ వచ్చిన బాటసారికిని ఆకు వేసిన ఇల్లాలిని తలపించును. పేర్లు రెండును పెట్టు చేతివే. లెక్కలు మాత్రము పెట్టబడు వస్తువువి.

పెట్టు రీతికి విలువ గలదని గ్రహించినవారు మునుపే యున్నారు. ఇంగ్లండులో 1906లో బడిభోజనపు చట్టము వచ్చిన మరుసటి యేడు, బ్రాడ్‌ఫర్డు నగరమున నలుబదిమంది పేదబిడ్డలకు కొన్ని మాసములు భోజనము పెట్టి పరీక్షించిరి. బల్లలపై తెల్లని గుడ్డలు పరచి పూవులుంచిరి. పదేసిమందికి ఒక పెద్దబాలికను వడ్డించుటకు నియమించి, తొడుగుకొనుటకు పైగుడ్డలిచ్చిరి. బిడ్డల బరువు పెరుగుటయు, సెలవులలో తఱుగుటయు తూచి వ్రాసిరి. అంతకంటె మాకు ముఖ్యముగా తోచునది, భోజనవేళ కూడ పాఠమేయని వారు తలచుట. 1968 తరువాత ఆ దేశమున ఉపాధ్యాయులు ఈ విధినుండి విడివడగా, కనిపెట్టి చూచుటకు వేరుగా స్త్రీలను పెట్టిరి. వారికి శిక్షణ కావలెనని గుర్తించుటకు మఱికొంత కాలము పట్టెను. జపాను 2005లో ఆహారవిద్యకు చట్టమే చేసి, బడులలో పోషణోపాధ్యాయులను నియమించుకొన్నది.

ఇక మా బంటుమిల్లి సంగతి. మేము ఈ ప్రాంతమున పాఠములు చెప్పువారము గనుక రోజును చూచుచుందుము. గంట కొట్టగానే పెద్దబాలురు ముందు, చిన్నవారు వెనుక. సాంబారు గిన్నె సెగలు గ్రక్కుచుండగా వరుసలో త్రోపులాట. గ్రుడ్డు తెల్లసొన తిని పచ్చసొన పారవేయువాడొకడు. పప్పులోని ఆకుకూరను ఏరి కంచపుటంచున గోడ కట్టువాడొకడు. మారు అడుగుటకు సిగ్గుపడి సగము కడుపుతో లేచు బాలిక యొకతె. ఈ ముగ్గురిని ఉపాధ్యాయుని కంటె ముందు చూచునది గరిటె పట్టిన స్త్రీయే. తండ్రి చేపల చెరువుపై కావలికి పోయి తల్లి కూలికి పోయిన దినమున, ఏ బిడ్డ ఉదయము ఏమియు తినక వచ్చెనో ఆమెకు తెలియును. తెలిసినది చెప్పుమని ఆమెను అడిగినవారు లేరు.

రాగిజావ కథ వినదగినది. కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియగుటకు ముందు ఈ సీమలో మెట్టపైరులకును చోటుండెను. కాలువలు వచ్చిన పిదప వరియే అన్నమైనది, తక్కినదంతయు పేదతిండియైనది. అట్టిచోట రాగిజావను వారమునకు మూడుదినములు లోటాలో పోసినచో బిడ్డ ముఖము చిట్లించుటలో వింతయేమి? ఇట్టి సందర్భమునకు శాస్త్రము దారి చూపినది. లీన్ బర్చ్ అను అమెరికా విదుషి 1980 తరువాతి సంవత్సరములలో చిన్నబిడ్డలను పరీక్షించి, ఎఱుగని తిండి పలుమారులు రుచి చూచినకొలది ఇష్టమగుననియు, ఇది తినిన బహుమానమిత్తునని ఆశపెట్టినచో ఆ తిండిపై ఇష్టము తగ్గుననియు తేల్చినది. అనగా మొదటివారము రెండు గుక్కలు చాలును. కసరరాదు, చిక్కీతో లంచమీయరాదు, వడ్డించు ఆమె తానును ఎదుట త్రాగవలెను. మన యిండ్లలో కొసరి కొసరి వడ్డించుటయే ప్రేమ యనుకొందుము. బడిలో బిడ్డను 'ఎంత వేయుదును తండ్రీ?' యని ముందడిగి, తినిన పిదప 'మారు కావలెనా?' యని తానే అడుగుట మేలు. సిగ్గరి బాలిక ఆకలి ఈ రెండవ ప్రశ్నతో తీరును. దీనికి పైకము అక్కరలేదు. ఒకరు చెప్పి, చేసి చూపవలెను.

ఇప్పుడు శిక్షణ లేదని మేమనము. చేతులు కడుగుట, పప్పు ఏరుట, గ్యాసు పొయ్యి జాగ్రత్త, తలకు గుడ్డ. ఇవి చెప్పుచున్నారు, చెప్పవలసినవే. అయితే 2013 జూలై 16న బీహారులోని గండామన్ గ్రామమున పురుగుమందు కలిసిన నూనెతో వండిన అన్నము తిని 23 మంది బిడ్డలు చనిపోయిరి. నూనె తేడాగా నున్నదని వండిన స్త్రీ చెప్పినను ఆ మాట చెల్లలేదని నాటి పత్రికలు వ్రాసినవి. అటుపిమ్మట పెద్దలు ముందు రుచి చూడవలెనను నియమము గట్టిపడెను. మంచిదే. కాని 'దీనిని నేను వండను' అని చెప్పు హక్కు ఆమెకు గలదని ఆమెకును, ప్రధానోపాధ్యాయునికిని ఒకేగదిలో కూర్చుండబెట్టి చెప్పవలదా? ఆ పాఠము లేని శిక్షణ చేతులకే గాని మనిషికి కాదు.

ఈ శిక్షణకు నగరములనుండి నిపుణులు రానక్కరలేదు. ఒక అంగన్‌వాడీ కార్యకర్త, ఒక ఆరోగ్యకార్యకర్త, బిడ్డలను కసరక మలపుట తెలిసిన ఒక ఉపాధ్యాయురాలు చాలుదురు. ఏ బడి పొయ్యి వద్దనో రెండుదినములు. చిన్నవారిని ముందు కూర్చుండబెట్టుట, వేడిగిన్నెను నేలపై దింపకుండుట, తగవును కేకలు లేక విడదీయుట, అలిగిన బిడ్డను బంతినుండి లేపక ప్రక్కన కూర్చుండుట చేసి చూపవలెను. వేళ మాత్రము చూడవలెను. ఊడ్పులు మొదలైనచో ఇక్కడి ఆడకూలికి గిరాకి. నెలజీతపు వంటకంటె మడిలో దినకూలి మేలగును. కావున జూన్ 12న బడులు తెఱచుటకు ముందే, కాలువకు నీరు రాకమునుపే పిలువవలెను. పిలిచిన రెండుదినములకును ఆమె పోగొట్టుకొనిన కూలిని సాయంకాలము చేతికిచ్చి పంపవలెను.