అధికరణము: బొజ్జా తారకముగారును చుండూరు న్యాయస్థానమును

అధికరణ మను పదమునకుఁ బెక్కర్థములు గలవు. వైయాకరణుల కది యాఱు కారకములలో నొకటి. కర్తద్వారముననో కర్మద్వారముననో క్రియ కాధారమైనది. మీమాంసకుల కది సంశయమును, పూర్వపక్షమును, సిద్ధాంతమును గల విచారభాగము. ప్రాచీనవ్యవహారమునం దది ధర్మాసనము. మృచ్ఛకటికము తొమ్మిదవ యంకమునఁ జారుదత్తుని విచారించు నధికారికి నధికరణికుఁడనియే పేరు. క్రియ జరిగిన చోటును, దానిపైఁ దీర్పు చెప్పు చోటును ఒక్క పదమే తెలుపుట యాకస్మికముగాఁ దోఁపవచ్చును. కాని ఘాతుకము జరిగిన యూరిలోనే న్యాయస్థానము కూర్చుండవలెనని కోరి సాధించిన చరిత్ర మొకటి మన తెనాలి ప్రాంతమున నున్నది. ఆ చరిత్రమున ముఖ్యులలో నొకరు న్యాయవాదియు, రాజకీయనాయకుఁడును, గ్రంథకర్తయు నగు బొజ్జా తారకముగారు. వారి జీవితమును, చుండూరు న్యాయస్థానవృత్తాంతమును సంగ్రహముగా విచారించుట యీ వ్యాసమునకు విషయము.

తారకముగారు 1939వ సంవత్సరము జూను 27వ తేదీన కోనసీమయందలి కందికుప్ప గ్రామమున జన్మించిరి. తండ్రి అప్పలస్వామిగారు అంబేద్కరుగారు స్థాపించిన షెడ్యూల్డు కులముల ఫెడరేషను పక్షమున శాసనసభ్యులైనవారు. భార్య విజయభారతిగారు రచయిత్రి; కవి బోయి భీమన్నగారి కుమార్తె. ఇట్లు రాజకీయమును సాహిత్యమును వారి కింటిలోనివే. న్యాయశాస్త్రము చదివి, నిజామాబాదునఁ గొంతకాలమును, పిదప హైదరాబాదున హైకోర్టునందును వారు న్యాయవాదవృత్తి సాగించిరి. 1975లోఁ బ్రకటింపఁబడిన యత్యవసరపరిస్థితికాలమున ప్రభుత్వము వారిని నిర్బంధించి కారాగారమున నుంచెను. ఇతరుల నిర్బంధమును గూర్చి వాదించువాఁడు తానును నిర్బంధము ననుభవించుటచే, నాతనికి శాస్త్రము కేవలశాస్త్రముగా నుండదు.

వారి రచనలలో 'నది పుట్టిన గొంతుక' కవిత్వము; 'కులం-వర్గం' సామాజికవిమర్శ. కాని జనసామాన్యమున వ్యాపించినది 'పోలీసులు అరెస్టు చేస్తే' యను చిన్న పుస్తకము. నిర్బంధింపఁబడినవానికిఁ గల హక్కు లెవ్వియో యది బోధించును. నిర్బంధకారణమును దెలుపవలెననియు, న్యాయవాదిని సంప్రదింపనీయవలెననియు, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటుముందుఁ బెట్టవలెననియు రాజ్యాంగము 22వ యనుచ్ఛేదమున నున్నది. ఉన్నదన్న మాట యెఱుఁగని వానికి నది లేనట్లే. నాబోఁటి శాబ్దికుఁడు 'చేసినచో' అని దిద్దఁబూనును. కాని ఠాణాలో నిలువఁబడినవానికి 'చేస్తే' యనునదియే సుశబ్దము. భాషావాదములలో నేఁబది యేండ్లు గడచినను నాకుఁ దెలియరాని యీ సంగతి యా పుస్తకము పేరు చూచినప్పుడు తెలిసినది.

1985 జూలై 17వ తేదీన కారంచేడు గ్రామమున దళితులపై దాడి జరిగి యాఱుగురు హతులైరి. ఆ యూ రప్పటికిఁ బ్రకాశంజిల్లాలోనిది. 2022లో నేర్పడిన బాపట్లజిల్లాలో నిప్పుడున్నది. మిగిలినవా రూరు విడిచి చీరాలఁ జేరిరి. తారకముగా రప్పుడు హైకోర్టులోఁ బ్రభుత్వ న్యాయవాది. వారా పదవికి రాజీనామా నిచ్చి బాధితుల పక్షమునఁ జేరిరి. పొన్నూరునందు సంస్కృతాధ్యాపకులైన కత్తి పద్మారావుగారును వారును గలిసి దళిత మహాసభను నిర్మించిరి. మా శాస్త్రమునే చదివిన యొక యధ్యాపకుఁ డా యుద్యమమునకు వాక్కైనాఁడన్నది పండితులు స్మరింపఁదగిన విషయము. కారంచేటి వ్యవహారమున సుప్రీంకోర్టు తుదితీర్పు 2008 డిసెంబరులోఁ గాని వెలువడలేదు. అనఁగా నిరువదిమూఁడు సంవత్సరములు.

ఇఁకఁ జుండూరు. తెనాలినుండి బాపట్లకుఁ బోవు రైలుమార్గమున నున్న యీ గ్రామ మప్పుడు గుంటూరుజిల్లాలోనిది. ఇప్పుడు బాపట్లజిల్లా రేపల్లె రెవెన్యూ విభాగములోనిది. అచ్చటి దళితులలోఁ జదువుకొన్నవారును, రైల్వేయందుఁ బనిచేయువారును గలరు. 1991 జూలైలో సినిమాహాలునందు యువకులనడుమఁ గాలు తగిలినదన్న కారణమునఁ బుట్టిన కలహము గ్రామమునకుఁ బ్రాఁకెను. దళితులను బనులకుఁ బిలుచుట మానిరి. 144వ సెక్షను విధింపఁబడెను. పోలీసు లూరిలోనే యుండిరి. వా రుండఁగనే ఆగస్టు 6వ తేదీన, పొలములవెంటఁ బరుగెత్తుచున్న దళితుల నగ్రకులములవారు గుంపులుగాఁ గూడి తఱిమి యెనమండుగురను జంపిరి. కొన్ని శవములను గోనెసంచులలోఁ గట్టి కాలువలోఁ బడవైచిరి. మిగిలిన కుటుంబములు తెనాలిలోఁ దలదాఁచుకొనెను. మృతులను గ్రామమధ్యముననే సమాధి చేసిరి. ఆ స్థలమునకు రక్తక్షేత్రమని పేరు.

1989లోఁ జేయఁబడిన షెడ్యూల్డు కులముల, తెగలపై నత్యాచారముల నిరోధకచట్టము 14వ సెక్షను ప్రకార మిట్టి నేరములకుఁ బ్రత్యేకన్యాయస్థానము నేర్పఱుపవచ్చును. అది యెచ్చట నుండవలెను? బాధితులును, వారి పక్షమున నిలిచిన తారకముగారు మున్నగువారును చుండూరిలోనే యుండవలెననిరి.

ఇచ్చట సంశయము. గ్రామమున వైరమింకను జల్లాఱలేదు. అచ్చట విచారణ జరిపినచో సాక్షులకు భయ మధికము గాదా? దూరమునం దున్న పట్టణమున న్యాయమూర్తి నిశ్చింతగా విచారింపఁడా? ఇది పూర్వపక్షము. సిద్ధాంత మిది. సాక్షులలోఁ బెక్కురు కూలివారు. పట్టణమునకుఁ బోయిన ప్రతిదినమును వారికిఁ గూలిపోవును, బాడుగ తగులును, వాయిదా పడినచో మఱల నదే నష్టము. ధనము గలవారికి దూరము భారము కాదు. లేనివారికి దూరమే దండనము. అంతియకాక, భయపెట్టఁబడిన యూరిలోనే రాజ్యము తన యాసనము వేసి కూర్చుండుట సాక్షి కభయప్రదానము.

ఈ సిద్ధాంతము మన ధర్మశాస్త్రముల కపరిచితము కాదు. కౌటిల్యుఁడు ధర్మస్థుల నొక్క రాజధానియందే యుంచక జనపదసంధులయందును, సంగ్రహణ ద్రోణముఖ స్థానీయములయందును నియమించినాఁడు. బృహస్పతిస్మృతి సభలను విభజించుచు, నొకచోట నిలిచినది ప్రతిష్ఠితయనియు, సంచరించున దప్రతిష్ఠితయనియుఁ జెప్పి, యరణ్యచరుల వివాద మరణ్యమునందును, సైనికులది సేనయందును, వర్తకులది సార్థమునందును విచారింపవలెనన్నది. కాని యీ మాటతో మనము గర్వపడి యూరకుండరాదు. వర్ణమునుబట్టి దండమును హెచ్చించి తగ్గించినవియు నా స్మృతులే. చండాలుని సాక్ష్యమునకు విలువ నీయనివియు నవియే. న్యాయస్థానమును వాది చెంతకుఁ బంపుట యెఱిఁగిన శాస్త్రము వాదియెవ్వఁడో చూచి కన్నుమూసికొన్నది. తారకముగా రాశ్రయించినది స్మృతిని గాదు, రాజ్యాంగమును. ఆ భేదమును గప్పిపుచ్చుట పాండిత్యము గాదు.

కోరిక నెఱవేఱినది. చుండూరియందే ప్రత్యేకన్యాయస్థాన మేర్పడెను. 2004లో విచారణ సాగెను. 2007 జూలై 31వ తేదీనఁ దీర్పు వెలువడెను. ఇరువదియొక్కరికి యావజ్జీవకారాగారమును, ముప్పదియైదుగురి కొక సంవత్సరము కఠినశిక్షయు విధింపఁబడెను. 123 మంది విడువఁబడిరి. ఘాతుకము జరిగిన గ్రామముననే కూర్చుండి యిట్టి చట్టముక్రిందఁ బ్రత్యేకన్యాయస్థానము తీర్పు చెప్పుట దేశమున నపూర్వము.

కాని 2014 ఏప్రిలు 22వ తేదీన హైకోర్టు శిక్షితుల నందఱను విడుదల చేసెను. మరణములు జరిగిన సరియైన కాలమును, స్థలమును, దాడి చేసినవా రెవ్వరో యా గుర్తింపును బ్రాసిక్యూషను నిరూపింపలేదనుట దాని కారణము. శాబ్దికుని దృష్టితోఁ జూచినచోఁ గాలమును, నధికరణమును, గర్తయు ముగ్గును దొలఁగినవి. నిరూపణ లేక యెవ్వరిని దండింపరాదనుట సత్యమే. పోలీసుల చేతఁ జిక్కినవాని హక్కులకై పుస్తకము వ్రాసిన తారకముగా రీ సూత్రము నెవ్వరికంటెను బాగుగా నెఱుఁగుదురు. అయినను క్రింది న్యాయస్థానము సాక్షులను గన్నులారఁ జూచి, వారి యూరిలోనే విని నమ్మిన సాక్ష్యము నిట్లు త్రోసిపుచ్చుట పునర్విచారణ కర్హమని సుప్రీంకోర్టున నప్పీలు చేయఁబడెను. 2014 జూలై 30వ తేదీన నా న్యాయస్థానము హైకోర్టు తీర్పును నిలిపివేసెను. తారకముగారు 2016 సెప్టెంబరు 16వ తేదీన హైదరాబాదునఁ బరమపదించిరి. అప్పటికి నా యప్పీలు తేలలేదు.

రాజకీయముగా వారు రిపబ్లికను పార్టీకి రాష్ట్రాధ్యక్షులు. అధికారపదవు లందినవారు కారు. వారి ఘనత నెన్నికల ఫలితములతోఁ గొలువరాదు. అందిన ప్రభుత్వపదవిని విడిచి బాధితుల చెంతఁ జేరుట యొకటి, హక్కులను బామరుల భాషలోఁ జెప్పుట యొకటి, న్యాయస్థానమును రైలుపట్టణమునుండి పల్లెకు రప్పించుటలోఁ బాలుగొనుట యొకటి. యీ మూఁడును వాస్తవమున నొక్కటే పని. దూరమునం దున్నదానిని దగ్గఱకుఁ దెచ్చుటయే యది.

విద్యార్థులకుఁ గర్మణిప్రయోగమును బోధించునపుడు కర్త ననుక్తముగా విడువవచ్చునని చెప్పుచుందుము. 'ఎనమండుగురు చంపఁబడిరి' యను వాక్యము వ్యాకరణదృష్టిచే నిర్దుష్టము. ఆకాంక్షయు నందుఁ దీఱినట్లే యుండును. కాని యనుక్తుఁడైన కర్త లేనివాఁడు కాఁడు, చెప్పఁబడనివాఁడు మాత్రమే. రక్తక్షేత్రముముందు నిలిచినవారి కా వాక్యమునం దాకాంక్ష తీఱదు. తారకముగారు తమ జీవితకాలమున నా వాక్యమునకుఁ గర్తను జేర్పఁ జూచిరి. అధికరణమును మాత్రము సాధించి, వాక్యమును మనకు విడిచి పోయిరి.