డికెన్సు నవలలో భాష: పిప్ ఎదుగుదల

19వ శతాబ్దపు ఇంగ్లండులో ఒకడు నోరు విప్పిన మరుక్షణమే అతని అంతస్తు తెలిసిపోయెడిది. జాన్ వాకర్ 1791లో ప్రకటించిన ఉచ్చారణ నిఘంటువు పలుమార్లు పునర్ముద్రణ పొందెను. పెద్దమనుషులవలె పలుక గోరువారు దేశమంతట నుండిరి. మరొకవంక, 1840 ప్రాంతమున ఇంగ్లండు, వేల్సులలో వివాహపు రిజిస్టరునందు సంతకము చేయలేక గుర్తు మాత్రమే పెట్టినవారు పురుషులలో సుమారు మూడవ వంతు, స్త్రీలలో సుమారు సగము. ఈ రెండు లోకముల నడుమ ఒక బాలుని ప్రయాణమే చార్లెస్ డికెన్సు నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'. ఆయన నడపిన వారపత్రిక 'ఆల్ ది ఇయర్ రౌండ్'లో అది 1860 డిసెంబరు 1 నుండి 1861 ఆగస్టు 3 వరకు ధారావాహికగా వెలువడెను.

కథ చెప్పువాడు పెద్దవాడైన పిప్. కథలో మొదట కనిపించువాడు పసివాడైన పిప్. ఒకరి వాక్యము నిండైనది, తన్ను తానే ఎగతాళి చేసికొనగలది. మరొకరి మాట తడబడునది. ఈ రెండింటి దూరమే అతని ఎదుగుదలకు కొలబద్ద.

అక్క యింట పెరుగుచున్న ఆ అనాథ, పొయ్యి మూలన కూర్చుండి, బావయైన జో గార్జరీకి పలకపై ఒక లేఖ వ్రాయును. వర్ణక్రమమంతయు చెవికి తోచినట్లే. కమ్మరియైన జో తన పేరులోని రెండక్షరములను మాత్రము గుర్తుపట్టి మురిసిపోవును. ఆ లేఖనిండ తప్పులే. కాని అందు సిగ్గు లేదు.

సిగ్గు శాటిస్ భవనమున పుట్టెను. పేకాటలో 'నేవ్' అనవలసిన ముక్కను పిప్ 'జాక్' అనగా ఎస్టెల్లా హేళన చేయును. ఆ ఒక్క మాటతో అతనికి తన చేతులు మోటుగను, తన్ను పెంచిన జో నాగరికత లేనివాడుగను కనబడసాగిరి.

ధనము చేతికి వచ్చి పిప్ లండను చేరెను. మాట, నడత, భోజనమర్యాద అన్నియు నేర్చెను. అచ్చటికి చూడవచ్చిన జో అతనిని 'సర్' అని పిలుచును. హిందీలో తూ, తుమ్, ఆప్ అను మెట్లున్నవి. మనకు 'నువ్వు', 'మీరు' కలవు. ఇంగ్లీషువారి వాడుకలో అందరికిని ఒకే సర్వనామము మిగిలినందున, ఆ దూరమునంతటిని 'సర్' అను మాటయే మోయవలెను. నిన్నటివరకు 'నువ్వు' అన్న బావ నేడు 'మీరు' అన్నచో మన చెవికెట్లుండునో, ఇదియు నట్టిదే. పిప్ అప్పుడు విసుగుకొనెను. తాను చనువుగా నుండినచో జోయు చనువుగానే యుండెడివాడని గ్రహించుట తరువాతి మాట.

ఐశ్వర్యము పోయి, జ్వరముతో పడియున్న పిప్‌కు జో వచ్చి సేవచేయును. రోగి బలహీనుడై యున్నంతకాలము పాత పిలుపులే. బలము చేకూరినకొలది 'సర్' మెల్లగా తిరిగివచ్చును. ఈసారి పిప్ విసుగుకొనడు. ఆ మాట తన పూర్వప్రవర్తనకు ఫలమని తెలిసికొనును. ఒకనాటి ఉదయము జో చెప్పకుండ వెడలిపోవును. ఒక చిన్న లేఖయు, పిప్ అప్పు తీర్చిన రసీదును మిగులును. బిడ్డీ యొద్ద వ్రాత నేర్చిన జో వ్రాసిన ఆ లేఖలో భాషాదోషము లున్నవి. వాటిని గూర్చి పిప్ ఒక్క మాటయు అనడు. క్షమాపణ వేడుటకు కమ్మరి కొలిమికి బయలుదేరును.

మంచి ఇంగ్లీషు నేర్చుటచే పిప్ పెద్దమనిషి కాలేదు. తప్పుల మాటలలోని మనసును వినగలిగిననాడే ఎదిగెను.