పొడ

‘ఎండ పొడ తగలని ఇల్లు’ అంటాం. ‘వాడి పొడ నాకు గిట్టదు’ అంటాం. పార్టీలో విభేదాలు పొడసూపాయని పత్రికలు రాస్తాయి. చర్మం మీద పొడలు వస్తే డాక్టరు దగ్గరికి వెళతాం. మాట ఒక్కటే. మొదటి చోట అది వెలుగు, రెండో చోట మనిషి ఆనవాలు, మూడో చోట కనబడటం, నాలుగో చోట మచ్చ. నిఘంటువులు ఇలాంటి అర్థాలకు అంకెలు వేసి ఒకదాని కింద ఒకటి పేర్చి ఊరుకుంటాయి. వెలుగునూ మచ్చనూ తెలుగువాడు ఒకే మాటతో ఎందుకు పిలిచాడన్నది వాటికి పట్టదు. నాకు పట్టింది. పట్టించింది ఒక కెమెరా.

ఫొటోలు తీసేవాళ్ల భాషలో ఫ్లేర్ అని ఒకటుంది. సూర్యుడో, స్టేజీ లైటో, ఎదురొచ్చే లారీ హెడ్‌లైటో తిన్నగా లెన్సులోకి దూరితే, ఆ వెలుగు లోపలి గాజుల మధ్య అటూ ఇటూ తుళ్లి బొమ్మ మీద పులుముకుంటుంది. ఒక్కోసారి బొమ్మంతా పాలిపోతుంది. ఒక్కోసారి రంగురంగుల బిళ్లలు వరసగా తేలతాయి. మనవాళ్లు దీన్ని ‘ఫ్లేర్ కొట్టింది’ అంటారు. పాడేరులో పెళ్లిళ్లు తీసే కుర్రాడైనా, హైదరాబాద్‌లో సినిమాలు తీసేవాడైనా అనేది ఇదే. ఇందులో ఇంగ్లిషు ముక్క కన్నా తెలుగు క్రియే నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. ఎండ కొడుతుంది, వడగాలి కొడుతుంది, కంపు కొడుతుంది, ఫ్లేర్ కొడుతుంది. పిలవకుండా వచ్చి మీద పడేదానికల్లా ‘కొట్టు’ తగిలిస్తాం. పేరు పెట్టేటప్పుడే ఇది దోషమని తీర్పు చెప్పేశామన్నమాట.

దోషమేనా? 2014 చివర్లో ఫొటోగ్రాఫర్లు ఈ ప్రశ్న మీదే దేశదేశాల్లో తగువుపడ్డారు. ఆ సెప్టెంబరులో నికాన్ కంపెనీ డి750 అనే కెమెరా తెచ్చింది. 24 మెగాపిక్సెళ్లు, ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, ఆ తరగతి కెమెరాల్లో తేలికైన బాడీ. డిసెంబరుకల్లా కొందరి ఫొటోల్లో ఒక వింత కనబడింది. సూర్యుడు ఫ్రేములో ఉండడు, పై అంచుకు కాస్త పైన ఉంటాడు. వెలుగు పైనుంచి బొమ్మలోకి జారుతుంది. అంతవరకు మామూలే. అయితే పై అంచును ఆనుకుని ఒక చీకటి పట్టీ ఉంటుంది. దాని కింద వెలుగు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా మొదలవుతుంది.

‘సూర్యుడి కేసి కెమెరా పెట్టి ఫ్లేర్ వచ్చిందని ఏడిస్తే ఎలా? ఏ కెమెరాకైనా వస్తుంది. హుడ్ పెట్టుకో, లేకపోతే రెండడుగులు జరుగు’ అని ఒక వర్గం. ‘ఫ్లేర్ వచ్చిందని కాదయ్యా మా గొడవ, దానికి అంచెందుకు ఉందని’ ఇంకో వర్గం. వేరే కంపెనీల కెమెరాలను, నికాన్‌వే ఇతర మోడళ్లను అదే వెలుగులో నిలబెట్టి పోల్చి చూసినవాళ్లున్నారు. ఆ గీత వాటిలోనూ లేకపోలేదని కొందరు, ఇంత మొరటుగా మాత్రం లేదని కొందరు. ఒకరి మాట ఒకరికి ఎక్కలేదు. ఎక్కడం ఎలా? ఇద్దరూ రెండు వేరువేరు సంగతులను ఒకే పేరుతో పిలుస్తున్నారు.

ఆ రెండూ ఏమిటో కాస్త విడదీసి చూడాలి. పూత లేని గాజు మీద వెలుగు పడితే, గాలి నుంచి గాజులోకి దిగే ప్రతి చోటా, గాజు నుంచి గాలిలోకి వచ్చే ప్రతి చోటా సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. డి750తో జతగా అమ్మిన 24-120 ఎంఎం లెన్సులో 17 గాజులు 13 గుంపులుగా కూర్చి ఉంటాయి. అంటే గాలికీ గాజుకూ నడుమ 26 సరిహద్దులు. పూతలే లేకపోతే అన్నీ దాటుకుని చివరికి చేరేది మూడో వంతు వెలుగే. ఆ 26లో ఏ రెండింటి మధ్యనైనా వెలుగు బంతాట ఆడవచ్చు. లెక్క వేస్తే అలాంటి జతలు 325. జర్మనీలో కార్ల్ జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మాకులా కనిపెట్టిన పూతకు 1935లో పేటెంట్ తీసుకున్నారు. అప్పటినుంచి ఈ ఆట తగ్గుతూ వచ్చింది గాని ఆగలేదు, ఆగదు. గాజు ఉన్నంతకాలం ఇది ఉంటుంది. మొదటి వర్గం అన్నది నిజమే.

డి750లో గీత గీసింది మాత్రం లెన్సు కాదు. లెన్సు బొమ్మను తలకిందులుగా వేస్తుంది కనక, పైనున్న సూర్యుడి వెలుగు కెమెరా లోపల కిందికి దిగుతుంది. అక్కడ, అద్దం ఉండే గూడు అడుగున, ఆటోఫోకస్ సెన్సర్ అమర్చి ఉంటుంది. వెలుగు ఆ చోట తగిలి వెనకనున్న అసలు సెన్సర్ మీదికి చిమ్ముతుంది. దారిలో ఆటోఫోకస్ భాగపు అంచు అడ్డుపడి కొంతమేర నీడ వేస్తుంది. ఆ నీడే చీకటి పట్టీ. డిసెంబరు 29న నికాన్ సంగతి ఒప్పుకుంది. బాగా వెలుగున్న దీపమో సూర్యుడో ఫ్రేము పై అంచు దగ్గర ఉన్నప్పుడు అసహజమైన ఆకారంతో ఫ్లేర్ రావచ్చని ఆ ప్రకటన సారాంశం. మరుసటి జనవరిలో, వెలుగును అడ్డుకునే భాగాలను సరిచేసి, ఆటోఫోకస్ సెన్సర్ స్థానాన్ని సర్ది, డబ్బు తీసుకోకుండా ఇస్తామంది. కంపెనీ కూడా తప్పు పట్టింది ఫ్లేర్‌ను కాదు, దాని ఆకారాన్ని. రెండో వర్గం అన్నదీ నిజమే.

ఇప్పుడు పొడ దగ్గరికి వద్దాం. ఈ మాట ఏ క్రియలతో పొత్తు పెట్టుకుంటుందో చూడండి. ఎండ కొడుతుంది, ఎండ పొడ కొట్టదు, తగులుతుంది లేదా సోకుతుంది. కొద్దిపాటి వెలుగు, మెత్తటి స్పర్శ, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పలేనిది. పొడ పక్కన ‘కను’ చేరితే పొడగను, కంటితో చూడటం. తిరుమలేశుడి దర్శనానికి అన్నమయ్య వాడిన మాట. ‘కట్టు’ చేరితే పొడగట్టు, ‘చూపు’ చేరితే పొడసూపు. కకారం గకారమై, చకారం సకారమై, గసడదవాదేశం తన పని తాను చేసుకుపోయింది. పొడము అన్న క్రియ ఉండనే ఉంది, పుట్టడమని అర్థం. పొద్దు పొడవడాన్ని కూడా ఈ వరసలో కలిపేద్దామని చెయ్యి దురద పెడుతుంది గాని, ధ్వని కలిసిందని చుట్టరికం కలపడం మాటల మీద రాసేవాళ్లకు ఉన్న పాత జబ్బు. ఆ పొడుచు వేరే ఇంటిది అయినా కావచ్చు.

వెలుగు పొడకు ఒకటే వచనం, ఏకవచనం. చర్మం మీదివి ఎక్కువగా పొడలే. వాటికి అంచు ఉంటుంది. తామర పొడను గుర్తుపట్టడానికి ముందు చూసేది దాని అంచునే. నడుమ చర్మం మామూలుగా కనిపించినా చుట్టూ గట్టు కట్టి ఉంటుంది. డి750 తగువంతా ఈ రెండు పొడల నడుమ జరిగింది. వెలుగు పొడ తగిలింది, అందులో వింతేముంది అన్నారు మొదటివాళ్లు. అంచున్న పొడ లేచింది, వైద్యం చేయించండి అన్నారు రెండోవాళ్లు. మన భాష ఈ తేడాను మాట మార్చకుండానే, పక్కనున్న క్రియనూ వచనాన్నీ మార్చి చూపిస్తుంది. ‘ఫ్లేర్ కొట్టింది’లో ఆ సదుపాయం లేదు.

అల్లూరి సీతారామరాజు జిల్లా పెదబయలులో నిలబడితే ఆ గీత ఎప్పుడు వస్తుందో చప్పున బోధపడుతుంది. చుట్టూ కొండలు. పంచాంగం చెప్పిన సూర్యోదయానికి అక్కడ సూర్యుడు కనబడడు. తూర్పు కొండ దాటి రావాలి, వచ్చేసరికే ఎత్తులో ఉంటాడు. చలికాలం, వలిసెలు పూసి చేలన్నీ పసుపు. మంచు ఇంకా పూర్తిగా లేవలేదు. చేనూ మంచూ కొండ శిఖరమూ ఫ్రేములో ఇమిడేలా చూసుకుంటే సూర్యుడు పై అంచుకు జానెడు అవతల నిలుస్తాడు. నికాన్ ప్రకటనలో చెప్పిన పరిస్థితి అచ్చంగా ఇదే. భీమిలి ఒడ్డున అయితే సూర్యుడు సముద్రంలోంచి లేచి ఫ్రేము నడిమధ్యకే వస్తాడు. అక్కడ తీసినవాడికి డి750 బంగారం, ఇక్కడ తీసినవాడికి లోపాల పుట్ట.

ఊరి పేరులోని బయలు కూడా ఈ చర్చకు సంబంధించినదే. పెద్ద బయలు, అంటే కొండల నడుమ తెరిపి నేల. ఆ బయలే రెట్టింపై బట్టబయలైంది, పగలు పట్టపగలైనట్టు. పదో తరగతిలో ద్విరుక్తటకార సంధి కంఠతా పట్టినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. లోపాలు, అవినీతి, రహస్యాలు బట్టబయలవుతాయి. ముందే లోపల ఉన్నది మరుగు తొలగి తెరిపిలో పడటమది. పొడసూపేది అలా కాదు, నిన్నటిదాకా లేనిది ఇవాళ తల ఎత్తడం. కెమెరాలో లోపం బట్టబయలైంది, దాన్ని కొన్నవాళ్లలో విభేదాలు పొడసూపాయి. ఈ వాక్యంలో క్రియలు తారుమారు చేసి చూడండి, చెవి ఒప్పుకోదు.

మొదట్లో అడిగిన ప్రశ్నకు, వెలుగూ మచ్చా ఒకే మాట ఎందుకైందన్నదానికి, నాకు తోచిన జవాబు కూడా ఈ ఏజెన్సీ కొండల్లోనే దొరుకుతుంది. కాఫీ ఇక్కడ నీడన పెరిగే పంట. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియపు తీగలు, కింద కాఫీ మొక్కలు. ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ నేల మీద గుండ్రంగా, చుక్కలు చుక్కలుగా పడుతుంది. అది వెలుగూ అవును, మచ్చా అవును. దుప్పి ఒంటి మీది తెల్ల పొడలు ఆ ఎండలో కలిసిపోయి కంటికి ఆనవు. అడవి నీడన బతికిన మనిషికి ఈ రెంటినీ రెండు మాటలుగా విడదీయాల్సిన అవసరం కలిగి ఉండదు. ఇది నా ఊహే, శాస్త్రం కాదు. అయినా వదులుకోబుద్ధి కావడం లేదు.

ఇష్టాల సంగతి వేరు. 1967లో ‘కూల్ హ్యాండ్ ల్యూక్’ తీస్తూ ఛాయాగ్రాహకుడు కాన్‌రాడ్ హాల్ లెన్సులో పడ్డ ఎండను కావాలనే ఉంచుకున్నాడు; ఎండలో వెట్టిచాకిరి చేస్తున్న ఖైదీల కథకు అది అతికింది. 2009 నాటి ‘స్టార్ ట్రెక్’లో దర్శకుడు జె.జె. ఏబ్రమ్స్ టార్చిలైట్లు పట్టించి మరీ ఫ్లేర్ రప్పించాడు, మితిమీరిందని తర్వాత తనే ఒప్పుకున్నాడు. 2012లో ఐఫోన్ 5 ఫొటోల అంచున ఊదారంగు కమ్ముతోందని గోల లేస్తే, ఫోను కొద్దిగా జరపండి, లేదా లెన్సుకు చేయి అడ్డం పెట్టండి అంది యాపిల్. పెదబయలు కొండ ఎక్కిన ఏ ముసలాయన అయినా తన కంటికి చేసేది అదే.

కాబట్టి నా తీర్పు ఇది. లెన్సులో వెలుగు మెత్తగా పరుచుకుంటే పొడ తగిలిందనండి, ఉంచుకోవాలో తుడిచెయ్యాలో మీ ఇష్టం. దానికి గీత గీసినట్టు అంచు కనబడితే అది యంత్రం చేసిన తప్పు, బాగుచేసి ఇమ్మని అడిగే హక్కు కొన్నవాళ్లకు ఉంటుంది. డి750లు పాతవి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. కొనేముందు కెమెరాను తిరగేసి, అడుగున ట్రైపాడ్ బిగించే రంధ్రంలో నల్ల చుక్క ఉందేమో చూడండి. ఈ లోపం సరిచేసిన కెమెరాలకు నికాన్ పెట్టిన గుర్తు అదే.