ఒక ఊరు, మూడు సంవత్సరాలు

కంప్యూటర్ తప్పు చెప్పిందని కొందరు అంటుంటారు. నిజమా? పైథాన్‌లో డిక్షనరీ అంటే కీ ఇస్తే విలువ చెప్పే పట్టిక. 'బడ్జ్ బడ్జ్' అనే కీ కింద మూడు సంఘటనలు వరసగా రాశామనుకుందాం.

1756 డిసెంబరులో క్లైవు సేన అక్కడి కోటను పట్టుకుంది. 1914 సెప్టెంబరు 29న, కెనడా తిప్పి పంపిన కోమగాటమారు ఓడ ప్రయాణికులపై అక్కడే బ్రిటిష్ ప్రభుత్వం కాల్పులు జరిపించింది. ఇరవైమంది దాకా చనిపోయారు. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు విదేశాల నుంచి వచ్చి అక్కడ ఓడ దిగాడు. ఇది ఆఖరున గుర్తొచ్చి రాశాం.

ఇప్పుడు అడిగితే 1897 ఒక్కటే వస్తుంది. కాల్పులు మాయం! ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. ఒక కీకి ఒకే విలువ. కొత్తది రాస్తే పాతది చెరిగిపోతుంది, హెచ్చరిక కూడా రాదు. 'బజ్‌బజ్' అని వెతికితే అసలేమీ దొరకదు. యంత్రానికి అది వేరే ఊరు.

లెడ్జరులో పాత పద్దు చెరపం, కింద కొత్తది రాస్తాం. ఇక్కడా విలువగా ఒక జాబితా పెట్టి, ప్రతి సంఘటననూ దానికి చేర్చాలి. వింత జవాబు వస్తే ఆ కీ కింద ఎవరు, ఎక్కడ, ఎన్నిసార్లు రాశారో వెతకాలి.

చరిత్ర చదివేటప్పుడు కూడా అడగాల్సిన ప్రశ్న ఇదే.