గృహస్థాశ్రమమున విద్యార్థి

“మొక్కై వంగనిది మానై వంగునా?” అని మనవారు సామెత చెప్పుదురు. బాల్యమున చదువనివాడు పెద్దవాడైన పిదప చదువజాలడని దీని తాత్పర్యము. నలువదియేండ్లు దాటినవా డెవడైన విశ్వవిద్యాలయమున విద్యార్థిగా చేరెనని విన్నచో ఇరుగుపొరుగువారు మొదట నవ్వుదురు, పిమ్మట “ఇప్పుడెందుకండీ యీ శ్రమ?” అని జాలిపడుదురు. ఆ నవ్వునకును ఆ జాలికిని మూలమైన విశ్వాసము ఎంతవరకు సత్యమో విచారించుటయే యీ వ్యాసోద్దేశము. చరిత్రను తరచి చూచినచో పెద్దవారి చదువునకు అడ్డు నిలిచినది బుద్ధిమాంద్యము కాదనియు, తీరికలేమియే యనియు తేటపడును.

మన పూర్వులు బ్రహ్మచర్యాశ్రమమును విద్యకు ప్రత్యేకించిన మాట నిజమే. కాని సమావర్తనముతోనే చదువు ముగిసినదని వారు చెప్పలేదు. గృహస్థుడు నిత్యము చేయవలసిన పంచమహాయజ్ఞములలో బ్రహ్మయజ్ఞ మొకటి, అది స్వాధ్యాయమే. అతిథిని ఆదరించుట ఎట్లు ధర్మమో, అధ్యయనమును అట్లే ధర్మమని దీని భావము. ఐనను ఆ ధర్మమునకు అధికారులు కొందరే. పొలమున శ్రమించువానికిని, వంటయింట నున్న స్త్రీకిని ఆ భాగ్యము దక్కలేదు. బృహదారణ్యకమున మైత్రేయి సంపదను కాదని జ్ఞానమును కోరెను. ఆమెయు గృహిణియే. కాని అట్టివారి పేర్లు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ఆదర్శ మున్నది, అవకాశము మాత్రము పదిమందికి లేదు. ఆ అవకాశమును పంచిపెట్టు ఏర్పాటు క్రమముగా ఎట్లు పెరిగెనో తెలియుటకు ఇంగ్లండు, స్కాట్లండు దేశములవైపు చూడవలెను. ఏలయన మన దేశమున నేడు వ్యాపించియున్న సార్వత్రిక విద్యకు ఒరవడి అక్కడిదే.

జార్జి బర్క్‌బెక్ అను వైద్యుడు గ్లాస్గో పట్టణమునందలి ఆండర్సన్ విద్యాలయమున 1799లో ప్రకృతిశాస్త్రాచార్యుడయ్యెను. ప్రయోగమునకు వలయు యంత్రపు నమూనాను చేయించుటకై అతడొక కార్ఖానాకు పోగా, అచ్చటి పనివారు చుట్టును మూగి ఆ యంత్రము ఎట్లు పనిచేయునో అడుగజొచ్చిరి. వారి చేతులు యంత్రమును నిర్మింపగలవు. దాని శాస్త్రమును వారికి చెప్పువాడు మాత్రము లేడు. ఇది చూచి బర్క్‌బెక్ 1800లో పనివారికొరకు ఉచితోపన్యాసముల నారంభించెను. నాల్గవ ఉపన్యాసమునకు వచ్చినవారు 500 మంది యని చెప్పుదురు. పిమ్మట అతడు లండనునకు వచ్చి, 1823లో మిత్రులతోగూడి పనివారి విద్యాలయమును స్థాపించెను. పనివాడు చదివినచో యజమానుని మాట వినడని భయపడినవారు ఆనాడు లేకపోలేదు. కాని పగలెల్ల శ్రమించి, మసి అంటిన చేతులు కడుగుకొని, దీపములు పెట్టు వేళకు ఆ పనివారు బల్లలయొద్దకు వచ్చి కూర్చుండుచునే యుండిరి. 1830లో ఆ విద్యాలయము స్త్రీలకును తలుపు తెరచెను. ఆ సంస్థయే కాలక్రమమున బర్క్‌బెక్ కళాశాలయై, 1920లో లండను విశ్వవిద్యాలయమున చేరి, నేటికిని సాయంకాలపు చదువులకే పేరొందియున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున లండనుపై బాంబులు కురియుచుండగా, 1941లో దాని గ్రంథాలయము ధ్వంసమయ్యెను. ఐనను అది ఊరు విడువలేదు, పాఠములు మానలేదు.

పాఠము వినుట ఒకటి, పట్టము పొందుట వేరొకటి. 1858లో లండను విశ్వవిద్యాలయము ఒక గొప్ప మార్పు చేసెను. అంతకు ముందు గుర్తింపబడిన కళాశాలలలో చదివినవారికే దాని పరీక్షలు. ఆ యేటినుండి ఎక్కడ చదివినను, ఎట్లు చదివినను, పరీక్షకు కూర్చుండవచ్చునని నియమము ఏర్పడెను. గుమాస్తాలకును బడిపంతుళ్లకును ఇది వరమయ్యెను. సిడ్నీ వెబ్ అను నతడు పగలు గుమాస్తాపని చేయుచు, సాయంకాలములు బర్క్‌బెక్ మొదలగు చోట్ల చదివి, 1886లో న్యాయశాస్త్రపట్టము నొందెను. లండను ఆర్థికశాస్త్ర విద్యాలయమును 1895లో స్థాపించిన వారిలో నితడొకడు. నవలాకారుడైన హెచ్. జి. వెల్స్ మొదట కళాశాలలో చదువు చెడి, బడిపంతులై, ఆ పని చేయుచునే 1890లో బి.యస్‌సి. పట్టము సాధించెను. 1878లో అదే విశ్వవిద్యాలయము స్త్రీలకును పట్టము లియ్య నిశ్చయించెను.

ఐనను ఇందొక లోపము గలదు. పరీక్ష అందరిదయ్యెను గాని, బోధన అందరిదికాలేదు. సాయంకాలపు కళాశాల నగరవాసికే అందును. పల్లెలోని పంతులునకును, చంటిబిడ్డ గల తల్లికిని అందదు. ఈ లోపమును తీర్చుటకై 1963లో హెరాల్డ్ విల్సన్ ఆకాశవాణి ద్వారా విద్యనొసగు విశ్వవిద్యాలయమును గూర్చి ప్రస్తావించెను. గని కార్మికుని కుమార్తెయైన జెన్నీ లీ యను మంత్రిణి ఎగతాళిని లెక్కచేయక దానిని సాధించెను. 1969లో శాసనపత్రము పొందిన ఆ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1971 జనవరిలో పాఠములు మొదలుపెట్టెను. పూర్వపు పరీక్షలతో నిమిత్తము లేదు. పాఠములు తపాలాలో ఇంటికి వచ్చును. ఉపన్యాసములు ఆనాడు రేడియోలోను టెలివిజనులోను వినబడుచుండెను. మొదటి యేట చేరినవారు ఇరువదివేలకు మించిరి. వారిలో ఉపాధ్యాయులును గృహిణులును మిక్కిలిగా నుండిరి.

ఆ వెలుగు మన తెలుగునాటికి రాక ఎంతో కాలము పట్టలేదు. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. భారతదేశమున అట్టిది అదియే మొదటిది. జి. రామిరెడ్డిగారు దానికి మొదటి ఉపాధ్యక్షులు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడగా దానికిని మొదటి ఉపాధ్యక్షులు వారే. హైదరాబాదు సంస్థకు 1991లో డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేరు పెట్టబడెను. బడిపరీక్షలు గట్టెక్కనివారికిని ప్రవేశపరీక్ష ద్వారా బి.ఏ. చదువు అవకాశము కలిగెను. పాఠములు తెలుగున వ్రాయబడెను. ఊరూర నున్న కళాశాలలే సెలవుదినములలో అధ్యయన కేంద్రము లయ్యెను.

ఇక నా అనుభవమును కొంత చెప్పుకొనుటకు చదువరులు అనుమతింతురుగాక. సంస్కృతమును ఇంగ్లీషును చదివి పంతులుద్యోగము చేయుచున్న నేను నలువదినాలుగవ యేట చరిత్రలో ఎం.ఏ.కు దూరవిద్యలో చేరితిని. ఆదివారపు తరగతిలో నా ప్రక్కన ఒక ఆర్టీసీ కండక్టరు, ముందుబల్లపై ఒక అంగన్‌వాడీ కార్యకర్త, వెనుక ఒక కానిస్టేబులు. కండక్టరు బస్సు చివరి స్టాపులో ఆగిన పావుగంటలో పుస్తకము తెరచును. కానిస్టేబులు రాత్రి డ్యూటీ చేసి వచ్చి, పాఠము నడుమ కునుకు తీయును, మేమెవ్వరమును లేపము, చివర మా నోటుపుస్తకము తీసికొని వ్రాసికొనును. పరీక్షనాడు నా పూర్వశిష్యుడొకడే గదిలో కాపుండి, “మాస్టారూ, హాల్ టికెట్టు చూపించాలండి” అని సిగ్గుపడెను. మూడు గంటలు వ్రాయునప్పటికి వ్రేళ్లు కొయ్యబారెను. బుద్ధి మాత్రము కొయ్యబారలేదు. ఇరువదవ యేట బట్టీపట్టిన రాజుల పేర్లకు ఇప్పుడు కారణములు తెలియుచుండెను. కరవు, పన్ను, వలస అను మాటలు చదువునపుడు నేనెరిగిన ఊళ్లు కన్నులకు కట్టుచుండెను.

ఉదయము నాలుగింటినుండి ఆరింటివరకు నా చదువు. దీనిని నేను నా పట్టుదలగా భావించి గర్వపడుచుంటిని. ఒకనాడు నా నోటుపుస్తకమున పెన్సిలుతో ఒక దిద్దుబాటు కనబడెను. లండనులో స్త్రీలకు పట్టములు అనుమతించిన సంవత్సరమును నేను 1858 అని పొరపాటున వ్రాసియుండగా, ఎవరో దానిని కొట్టి 1878 అని చేర్చిరి. ఇంటర్మీడియేటుతో చదువు మాని నన్ను పెండ్లాడిన నా ఇల్లాలిని అడిగితిని.

“పప్పు ఉడికేలోపల మీ పుస్తకాలు చదువుతుంటానండి” అనెను. మరల కొంతసేపటికి, “రోజూ మీకు రెండు గంటలు నేనిస్తున్నాను. నాకెవరిస్తారు?” అనెను.

ఆమె కోపపడలేదు, లెక్క అడిగెను, అంతే. మా అమ్మకు మందులిచ్చుట, పిల్లల ఫీజు కట్టుట, కూరగాయలు తెచ్చుట — ఒకప్పుడు నావైన యీ పనులన్నియు నేను చేరిననాటినుండి ఆమెవైనవి. నా పట్టుదల యని నేననుకొన్నది సగము ఆమె నిద్ర. అన్నిటికంటె సిగ్గుచేటైన విషయ మేమనగా, ఆమె అడుగువరకు నాకు తోచకపోవుట. స్త్రీవిద్యను గూర్చి బడిలో ఎన్ని ఉపన్యాసములు చేసితినో!

నిరుడు ఆమె బి.ఏ.లో చేరినది. వారమునకు మూడుదినములు ఉదయపు వంట నాది. నా చారు పిల్లలకు ఇంకను రుచించుట లేదు. రెండవ సంవత్సరపు పరీక్షలు నేను ఒక యేడు వాయిదా వేసికొనవలసి వచ్చెను. ఇది త్యాగమని చెప్పుకొనను. బాకీ తీర్చుట మాత్రమే.

గ్లాస్గో కార్ఖానానుండి మన ఊరి అధ్యయన కేంద్రమువరకు రెండువందల యేండ్ల చరిత్ర చెప్పున దొక్కటే. విశ్వవిద్యాలయములు తలుపులు తెరచినవి, పాఠములను ఇంటిగుమ్మమువరకు పంపినవి. గుమ్మము లోపలి పని వారు చేయగలది కాదు. అది మన పని. మీ యింటిలో చదువు మానినవారెవరో మీకు తెలియును. వారి ప్రొద్దు ఎట్లు గడచుచున్నదో ఒక దినము కాగితముమీద గంటగంటకు వ్రాసి చూడుడు. పిమ్మట అందు రెండు గంటల పనిని మీరు తీసికొనుడు. మాను వంగునో వంగదో అప్పుడు చూతము.