వి-ఐ పొర: టైఫాయిడ్ చరిత్రలో హైదరాబాదు

1908 మూసీ వరదల అనంతరం నిర్మించిన జంట జలాశయాలలో రెండవదైన హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. నేటి శంషాబాదు విమానాశ్రయానికి చేరువలోని ఈ జలాశయం వరదను నిలువరించడమే గాక హైదరాబాదుకు తాగునీటినిచ్చింది. టైఫాయిడ్ ప్రధానంగా కలుషిత జలాహారాల ద్వారా సోకే వ్యాధి గనుక, నగర ప్రజారోగ్య చరిత్రలో దీని స్థానం ఆసుపత్రుల స్థానానికి తీసిపోదు. అదే వ్యాధిపై హైదరాబాదు ప్రపంచానికి అందించిన ఆయుధం మరొకటుంది. దాని మూలం 1934 నాటిది.

ఆ సంవత్సరం ఫీలిక్స్, పిట్ అనే శాస్త్రజ్ఞులు సాల్మొనెల్లా టైఫి ఉపరితలంపై ఒక ప్రత్యేక పదార్థాన్ని వర్ణించారు. వ్యాధి తీవ్రతకు దానితో సంబంధముందని భావించి, 'వైరులెన్స్' అనే పదంలోని తొలి రెండక్షరాలతో 'వి-ఐ' అని పేరు పెట్టారు. పేరు తీవ్రతను సూచించింది గాని, ఆ పదార్థం విషం కాదు, ముసుగు. ఈ భేదం తేలడానికి దశాబ్దాలు పట్టింది.

సహజ రోగనిరోధక వ్యవస్థ బాక్టీరియా బాహ్యపొరలోని లైపోపాలీశాకరైడును టి.ఎల్.ఆర్-4 అనే గ్రాహకంతో పసిగడుతుంది. కాంప్లిమెంట్ ప్రోటీన్లు సూక్ష్మజీవిపై పేరుకొని భక్షకకణాలకు ఆనవాలవుతాయి. వి-ఐ చక్కెరపొర ఈ రెండింటికీ అడ్డుపడుతుంది. పైగా ఆ పొర ఉత్పత్తికి తోడ్పడే టి.వి.ఐ-ఎ అనే నియంత్రక ప్రోటీన్ కశాభాల తయారీని అణచివేయడంతో ఫ్లాజెల్లిన్ అనే మరో ఆనవాలూ తగ్గిపోతుంది. ఫుడ్ పాయిజనింగ్ కలిగించే సాల్మొనెల్లా రకాలు పేగులోకి న్యూట్రోఫిల్ కణాలను వెల్లువలా రప్పిస్తే, టైఫి అంత అలజడి లేకుండానే రక్తంలోకి చేరుకుంటుంది.

ముసుగు బయటికి కనబడేదే గదా! దానినే గురిగా చేసుకున్న టీకాల ప్రయోగ ఫలితాలు 1987లో నేపాల్, దక్షిణాఫ్రికాల నుండి వెలువడ్డాయి. అయితే ఒట్టి చక్కెర అణువు టి-కణాల తోడ్పాటును పొందలేదు. రెండేళ్లలోపు పిల్లలలో అది నిష్ఫలమయ్యేది. దానికి ధనుర్వాత టాక్సాయిడ్‌ను జతచేసి హైదరాబాదులోని భారత్ బయోటెక్ రూపొందించిన సంయోజిత టీకాకు 2013లో భారతదేశంలో అనుమతి లభించింది. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పూర్వార్హత ఇచ్చింది. నేపాల్ బాలలలో దాని రక్షణ 81.6 శాతమని 2019లో ప్రకటితమైంది. ఔషధ నిరోధక టైఫాయిడ్‌తో సతమతమవుతున్న సింధ్‌లో అదే ఏడాది నవంబరులో పాకిస్తాన్ దీనిని ప్రవేశపెట్టింది. సరిహద్దుకు ఆవల హైదరాబాదు టీకా పసిపిల్లలకు చేరిన ఈ ఘట్టం వైద్యచరిత్రలో మరింత పరిశీలనకు అర్హమైనది.

ఈ టీకాకు హద్దులున్నాయి. పారాటైఫి-ఎ రకానికి వి-ఐ పొర లేదు. అతిదీర్ఘమైన ఓ-యాంటిజెన్ గొలుసులతో అది తనదైన చాటు కల్పించుకుంటుంది. అక్కడ శుద్ధజలమే నేటికీ ప్రధాన రక్షణ. 1996 నాటి 111వ ప్రభుత్వ ఉత్తర్వు జంట జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాలలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నిషేధించింది. 2022లో ఆ ఆంక్షలను సడలించారు.